దేవుని చిత్తమను మాట ఎవరు అనవచ్చును?

బళ్ళారి సీమలోని క్రైస్తవ కుటుంబములలో చావు జరిగినను, వాన మొగము చాటుచేసి మెట్టచేలు మాడిపోయినను, ఇనుప రాయి మోయు లారీ క్రింద పడి చేతికి అందివచ్చిన కొడుకు పోయినను, ఓదార్చ వచ్చినవారు తెలుగు మాటలాడువారైనను కన్నడము మాటలాడువారైనను, కొంతసేపు మౌనముగా కూర్చున్న మీదట చివరకు చేరుకొను మాట ఒక్కటే: అంతయు దేవుని చిత్తము. హిందువుల ఇండ్లలో ఇదే చోట తలరాత యనియు, ముస్లిముల ఇండ్లలో అల్లా మర్జీ యనియు వినబడును. ఈ మాటను చులకన చేయుట నా ఉద్దేశము కాదు. సర్వలోకమును ఏలువాడొకడు కలడనియు, ఆయన యెరుగక పిచ్చుకయైనను నేల రాలదనియు నమ్మినవారికి దుఃఖకాలమున అంతకు మించిన ఆశ్రయము లేదు. అయితే ఇదే మాటను, చనిపోయినవాని తల్లి గాక, బ్రేకులు సరిగా లేని బండిని రోడ్డెక్కించినవాని తరఫు మనిషి వచ్చి పలికినప్పుడు దాని అర్థము తలక్రిందులగును. దేవుని సర్వాధిపత్యము, మనుష్యుని నైతిక బాధ్యత అను రెంటిని గూర్చి క్రైస్తవ వేదాంతులు పదునారు వందల యేండ్లుగా జరిపిన వాదమంతయు చదివినవారికిని చదువనివారికిని కావలసిన వివేకము, ఆ మాట ఏ నోట వచ్చుచున్నదో చూచుటయందే ఉన్నదని నా నిశ్చయము.

వాదము పాతది. ఐదవ శతాబ్ది ఆరంభమున ఉత్తరాఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పు అగస్టీను, దేవుని కృప ముందుగా కదలింపనిదే మనుష్యుని మనస్సు మేలువైపు తిరుగజాలదని బోధింపగా, పెలేజియసు అను సన్న్యాసి, చేయు శక్తి లేనివానికి ఆజ్ఞ యిచ్చుట న్యాయమెట్లగునని అడిగెను. 418లో కార్తేజి నగరమున కూడిన సభ పెలేజియసు పక్షమును త్రోసివేసినను ఆతని ప్రశ్న మాత్రము చావలేదు. 1618-19లలో హాలెండులోని డోర్టు నగరమున జరిగిన మహాసభ, దేవుడు తన స్వేచ్ఛచేతనే కొందరిని రక్షణకు ఏర్పరచుకొనెనను కాల్విను సంప్రదాయమును స్థిరపరచి, దానిని కాదన్న వేదాంతి, అప్పటికే గతించిన ఆర్మీనియసు అనుచరులను ఖండించెను. పదునెనిమిదవ శతాబ్దిలో జాన్ వెస్లీ మరల ఆర్మీనియసు పక్షమును చేపట్టి, కృప ఎల్లరకును ఉచితమని ఊరూర చాటెను. రోమను కథోలికులలో యేసుసభవారికిని దొమినికనులకును ఇదే విషయమై పోరు ముదురగా, విచారణ యేండ్లతరబడి సాగిన తరువాత, 1607లో పోపు ఐదవ పౌలు ఇరుపక్షములలో దేనిని ఖండింపక, ఒకరినొకరు మతద్రోహులని నిందింపరాదని మాత్రము శాసించి వారిని ఇండ్లకు పంపెను. క్రైస్తవ చరిత్రలోని మిక్కిలి వివేకవంతములైన తీర్పులలో అది యొకటి యని నేను భావింతును. మనుష్యబుద్ధికి అందని చోటు ఒకటి కలదని ఒప్పుకొనుటకు గొప్ప ధైర్యము కావలెను.

ఇంతగా కలహించిన పక్షములు ఒక్క విషయమున మాత్రము ఏకమైనవి. దేవుడు పాపమునకు కర్త కాడు. చేసినవాడు చేసినదానికి లెక్క చెప్పవలెను. దైవ సర్వాధిపత్యమును అందరికంటె గట్టిగా పట్టుకొన్న 1646 నాటి వెస్ట్‌మినిస్టరు విశ్వాస ప్రమాణము సహితము, జరుగునదెల్ల దేవుని సంకల్పమున ఉన్నదని చెప్పిన వెంటనే, ఆ కారణమున దేవుడు పాపకర్త కాడనియు, జీవుల ఇచ్ఛపై బలాత్కారము జరుగదనియు చేర్చి చెప్పినది. దైవ పురుషకారముల చర్చ మన దేశమునకును కొత్త కాదు. యోగవాసిష్ఠము పౌరుషము పక్షమున ఎంత తీవ్రముగా నిలిచినదో తెలుగు పాఠకులు ఎరుగుదురు. క్రైస్తవ చర్చయందలి విశేషమేమనగా, ఇక్కడ దైవమనునది పూర్వకర్మల ఫలము గాక, ప్రేమించునట్టియు, కోపించునట్టియు, పేరు పెట్టి పిలుచునట్టియు ఒక కర్త. కావున ప్రశ్న మరింత పదునెక్కి, ఆయన ఏలుచున్నచో ఆకలికి బిడ్డ ఏల చచ్చెననియు, ఆయన సంకల్పించినచో దొంగను దండించుట ఎట్లు న్యాయమనియు నిలదీయును.

బైబిలు ఈ ప్రశ్నకు సిద్ధాంతముగా సమాధానము చెప్పదు. కథలు చెప్పును, ఆ కథలలో ఎవరు ఏ మాట పలికిరో జాగ్రత్తగా గుర్తించును. ఆదికాండములో యోసేపును అన్నలు గోతిలో పడద్రోసి, వర్తకులకు అమ్మి, తండ్రికి రక్తపు అంగీ చూపి అబద్ధమాడిరి. ఏండ్లు గడచి, కరువుకాలమున ధాన్యమునకై ఐగుప్తునకు వచ్చి, తాము అమ్మినవాడే ఆ దేశమునకు అధిపతియై యుండుట చూచి గడగడలాడిరి; తండ్రి చనిపోయిన పిమ్మట మరల భయపడి వచ్చినప్పుడు, మీరు కీడు తలచితిరి గాని దేవుడు దానినే మేలునకు మరలించెనని చెప్పినవాడు యోసేపు. ఆ మాట అన్నల నోట రాలేదు. వచ్చియుండినచో, నిన్ను అమ్మినది దేవుని సంకల్పమే గదా, మాపై కోపమేల యని వారు అనియుండినచో, కథ మొత్తము దుర్మార్గమై పోయెడిది. దెబ్బ తిన్నవాడు పలికినప్పుడు క్షమాపణయైనది, కొట్టినవాడు పలికినచో తప్పించుకొనుట యగును. యోబు గ్రంథమునందును ఇదే రీతి కనబడును: సమస్తము పోగొట్టుకొన్న యోబు, ఇచ్చినవాడును తీసికొన్నవాడును దేవుడే యని తనంతట తాను అనగా ఎవరును తప్పుపట్టలేదు, నొప్పి యెరుగని స్నేహితులు ముగ్గురు ఆతని ప్రక్కన కూర్చుండి దేవుని న్యాయమును ఆతనికి వివరింపబోగా, చివరకు దేవుడు కోపించినది ఆ స్నేహితులపైననే. యెషయా ప్రవక్త అష్షూరు సామ్రాజ్యమును దేవుని చేతి దండమని చెప్పి, అదే అధ్యాయమున, ఆ దండము తన గర్వము చేతను, జనములను నాశనము చేయవలెనను తన దురాశ చేతను శిక్ష పొందునని కూడ చెప్పెను. పెంతెకోస్తు దినమున పేతురు యెరూషలేము జనసమూహము ఎదుట నిలిచి, క్రీస్తు మరణము దేవుని నిర్ణయమునకు లోబడినదే యనియు, దానిని జరిపించినవి మీ చేతులే యనియు ఒకే ఊపిరిలో పలుకగా, విన్నవారు ఊరట పొందలేదు; గుండెలో పొడువబడినవారై, మేమేమి చేయవలెనని అడిగిరి. దేవుని సర్వాధిపత్యము సరిగా బోధింపబడిన చోట తప్పు చేసినవాడు అడుగవలసిన ప్రశ్న అదే.

బళ్ళారిలో ప్రొటెస్టంటు క్రైస్తవము వేరూనుటయే ఈ వాదమునకు సంబంధించిన కథ. పదునెనిమిదవ శతాబ్ది చివర ఇంగ్లాండులోని కొందరు కాల్విను మతస్థులు, ఎన్నుకొన్నవారిని దేవుడే పిలుచుకొనును గనుక మనము పూనుకొని బోధింపనక్కరలేదను నిష్క్రియలో పడియుండిరి. దూరదేశములకు సువార్త మోయవలెనని విలియం కేరీ అను బోధకుడు సభలో లేచి అడుగగా, దేవునికి ఇష్టమైనప్పుడు నీ సహాయము లేకయే ఆయన ఆ పని చేసికొనునని ఒక పెద్ద అతనిని కూర్చుండబెట్టెనని చెప్పుకొందురు. ఆ వర్గమువాడే యైన ఆండ్రూ ఫుల్లరు 1785లో ప్రకటించిన గ్రంథము ఆ గోడను పగులగొట్టినది. దేవుడు ఫలమును నిర్ణయించినవాడైనచో ఆ ఫలమునకు దారియైన మనుష్య ప్రయత్నమును సైతము నిర్ణయించెనని ఆయన వాదించెను. 1792లో కేరీ తన విచారణ గ్రంథమును వెలువరించి మరుసటి యేడు వంగదేశమునకు వచ్చెను; 1795లో లండను మిషనరీ సంఘము పుట్టినది; ఆ సంఘము పంపగా 1810లో జాన్ హ్యాండ్సు బళ్ళారి చేరెను. ఆయన చాలకాలము శ్రమించిన కన్నడ బైబిలు 1831లో సంపూర్ణముగా వెలువడినది. 1846లో బళ్ళారిలో ఆంగ్ల విద్యాలయమును స్థాపించిన వార్డ్లా దొర తరువాత విశాఖపట్టణమునకు పోయి, జాన్ హే దొరతో కూడి తెలుగు బైబిలు సవరణలో పాల్గొనెను. అంతయు దేవుని చేతిలోనిదని గట్టిగా నమ్మిన సంప్రదాయమునకు చెందినవారే మన ఎండలలో, మన జ్వరములలో వ్యాకరణములు నేర్చుకొని, అచ్చు దిద్దుకొని, బడులు పెట్టిరి. వారి రాజ్యము చేసిన పనులను మెచ్చుకొన నక్కరలేదు గాని, దైవాధీనమను నమ్మకము మనుష్యుని సోమరిని చేయునన్న వాదమునకు వారి జీవితములే ప్రత్యుత్తరము.

ఆ నమ్మకమునకు అసలైన పరీక్ష ధాత సంవత్సరమున వచ్చినది. 1876లో వానలు తప్పినవి. మరుసటి యేడును సరిగా కురియలేదు. నేటి అనంతపురము సీమ చాలవరకు అప్పుడు బళ్ళారి జిల్లాలోనే చేరియుండెను. మద్రాసు రాజధానిలో కరువు అతి క్రూరముగా కాటేసిన జిల్లాలలో అది యొకటి. 1877 జనవరి 1న ఢిల్లీలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా చాటుచు దర్బారు జరిపించుచుండగా దక్షిణమున పల్లెలు ఖాళీ యగుచుండెను. ధాన్యపు వ్యాపారములో ప్రభుత్వము చేయి పెట్టరాదనునది నాటి ఆర్థికశాస్త్రపు ఆజ్ఞ. దానిని అధికారులు ప్రకృతి నియమము వలెను, దాదాపు దైవనియమము వలెను పాటించిరి. ఆ యేండ్లలోనే మన దేశపు గోధుమలు ఇంగ్లాండునకు ఎగుమతి యగుచునే యుండెను. కరువుపనుల పర్యవేక్షణకై వచ్చిన రిచర్డు టెంపులు, రోజంతయు రాళ్ళు కొట్టు పురుషునకు ఒక పౌను ధాన్యమును, దానికి తోడు కొద్ది చిల్లరయు చాలునని కూలి తగ్గించెను. ఒక పౌననగా అరకిలోకు తక్కువ. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిషు, ఆ తిండితో ఆ పని చేసిన మనిషి బ్రదుకడని వైద్యశాస్త్రము ప్రకారము వాదించి పోరాడెను; కొన్ని నెలలకు కూలి పెరిగినది గాని అప్పటికి పోవలసినవారు పోయిరి. 1881 జనాభా లెక్కలలో మన జిల్లా పదేండ్ల క్రిందటి కంటె తరిగి కనబడినది. పెరుగవలసిన పదేండ్లలో తరిగినదనుటలోనే ఎన్ని పాడుపడిన ఇండ్లు ఉన్నవో చదువరులు ఊహించుకొందురు గాక.

వాన ఆపినది దేవుడని చెప్పువారు చెప్పవచ్చును. అయితే, ఓడలోనికి ధాన్యమెక్కించినది ఎవరు? పౌను లెక్క కట్టినది ఎవరు? ఆ రెండు చేతులును మనుష్యుల చేతులు. వాటికి పేర్లున్నవి, పదవులున్నవి, సంతకములున్నవి. మన జిల్లాలోని దురవస్థను దైవశాసనమని ఒప్పుకొన నిరాకరించినవారిలో ఒకడు పరమభక్తుడైన క్రైస్తవుడగుట గమనింపదగినది. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన ఆర్థరు కాటను, 1860 ప్రాంతముననే తుంగభద్ర నీటిని ఈ మెట్టనేలలకు మళ్ళింపవలెనని ప్రణాళిక వేసియుండెను. 1877లో మద్రాసు కరువును గూర్చి గ్రంథము ప్రకటించి, రైలుదారులకు కుమ్మరించిన సొమ్ములో కొంత కాలువలకు ఖర్చుపెట్టియున్నచో ఈ చావులు తప్పియుండెడివని పాలకులను నిలదీసెను. దేవుడు నదినిచ్చెను, దానిని సముద్రమునకు వృథాగా పోనిచ్చినది మనమే యనునది ఆయన వాదము. ఇంతకంటె శాస్త్రసమ్మతమైన క్రైస్తవ బోధ ఆ కాలమున ఏ ప్రసంగవేదికపైనను వినబడియుండదని నేను తలంతును. ఆయన కోరిన తుంగభద్ర నీరు హోసపేట చెంత ఆనకట్ట వెనుక 1953 నాటికి గాని నిలువలేదు. ఆ ఆనకట్ట పందొమ్మిదవ గేటు 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకొనిపోయినప్పుడు, దైవఘటన యన్నవారును ఉండిరి. డెబ్బది యేండ్ల ఇనుమునకు తుప్పు పట్టుట ప్రకృతి. దానిని చూచుకొనుట మనుష్యుల జీతపు పని.

అదే కరువులో ఒంగోలున అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ప్రవర్తించిన తీరు మన ప్రశ్నకు మరియొక వైపు చూపును. ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అయితే కరువు సాగినంతకాలము, బాప్తిస్మమిమ్మని జనులు ఎంత వేడినను, ఒక యేడాదికి మించి ఎవరికిని ఇయ్యలేదు. గింజలు పంచు పని ముగిసిన తరువాతనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. ఆ సంఖ్యను మిషనరీ చరిత్రలు గర్వముతో చెప్పును. నన్ను ఆకర్షించునది ఆ సంఖ్య కాదు, దానికి ముందటి నిరాకరణము. హృదయమును మార్చువాడు దేవుడే యని నిజముగా నమ్మినవాడు గింజలను ఎరగా వాడలేడు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట తన బాధ్యతయని నమ్మినవాడు దానికి వెల అడుగలేడు. దైవము, బాధ్యత అను రెండు నమ్మకములును ఒకే మనిషిలో ఒకదానినొకటి శుద్ధి చేసిన ఘట్టమది. మెదకులో వెస్లీ సంప్రదాయమునకు చెందిన పోస్నెట్టు, కాల్వినుతో ఏ మాత్రము సమ్మతింపని సంఘమువాడై యుండియు, కరువుకాలమున పనికి అన్నము పెట్టుచు 1924లో ముగిసిన మహాదేవాలయమును కట్టించెను. 1866 కరువున ఉయ్యాలవాడలో గంజి కేంద్రములు నడిపి వేలమంది ప్రాణము నిలిపిన బుడ్డా వెంగళరెడ్డి ఈ వేదాంతములలో దేనిని చదువలేదు, చదువ నక్కరయును లేకపోయెను. 1947 సెప్టెంబరు 27న కాల్విను వారసులును, వెస్లీ వారసులును, ఆంగ్లికనులును కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినప్పుడు, ముందస్తు నిర్ణయమును గూర్చిన పాత తగవును తీర్చుకొని కలియలేదు, తీరకుండగనే కలిసిరి.

ఇక మన కాలము. ఏథెన్సు నగరమున పౌలు చేసిన ప్రసంగములో, జనముల నివాసస్థలముల పొలిమేరలను దేవుడే నిర్ణయించెనని ఉన్నది. ద్వితీయోపదేశకాండములో, పొరుగువాని సరిహద్దురాయిని జరిపినవాడు శాపగ్రస్తుడని ఉన్నది. హద్దులు దేవునివి, హద్దురాయి జరుపు చేయి మాత్రము మనిషిది. సరిహద్దు జిల్లావారమైన మనకు ఈ రెండు వాక్యములు పుస్తకములోనివి కావు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, తక్కిన జిల్లా మైసూరునకును పంచబడినప్పుడు, ఏ భాషవారు ఎందరని వాదములు, విచారణలు, ఉద్యమములు నడచినవి. ఆ హద్దు న్యాయమా కాదా యని మన పెద్దలు చాలకాలము బాధపడిరి. అరువదియేండ్లు తిరుగక ముందే ఇనుప రాతికి ధర పెరిగిన రోజులలో, అదే హద్దు గుర్తులు కొండలపై చెరిపివేయబడినవను ఫిర్యాదు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయినది. 2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త న్యాయమూర్తి సంతోషు హెగ్డే ఇచ్చిన నివేదిక, అక్రమముగా తరలిపోయిన ఖనిజమును గూర్చి వివరముగా చెప్పినది. ఆ నెలలోనే న్యాయస్థానము బళ్ళారిలో త్రవ్వకములు ఆపించినది. ఎవరు దోషులో తేల్చుట న్యాయస్థానముల పని. నేను అడుగునది మన గుడుల సంగతి. ఆ సంవత్సరములన్నియు ఎఱ్ఱధూళి పంటలపైని, బావులపైని, పిల్లల ఊపిరితిత్తులపైని పేరుకొనుచుండగా, లారీల వరుసల నడుమ ఆదివారము ఆరాధనకు పోయినవారము, సరిహద్దురాయిని గూర్చిన ఆ శాపవాక్యముపై ఎన్ని ప్రసంగములు వింటిమి? కొత్తగా కలిగినవాని ఇంట గృహప్రవేశ ప్రార్థనలో ఆ కలిమి దేవుని ఆశీర్వాదమని పలికినవారే, పొలము పోయినవాని ఇంట అది దేవుని చిత్తమని పలికిరి. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, దేవుని పేర ఒక దోపిడికి రసీదు వ్రాసి ఇచ్చినట్లయినదని వేరుగా చెప్పనక్కరలేదు.

దోషము ధనవంతులది మాత్రమే యని చెప్పి చేతులు కడుగుకొనుటకు మనకు అధికారము లేదు. గవర్నరు పిలాతు చేతులు కడుగుకొని యేసును సిలువకు అప్పగించినది చరిత్రయే. కులము దేవుడిచ్చినదన్నట్లు సమాధిస్థలములో సైతము వేరుగా పూడ్చుకొన్న ఊళ్ళు మన క్రైస్తవులలో ఉన్నవి. సంఘపు భూముల లెక్క అడిగినవాని నోరు, నాయకులను దేవుడే నిలిపెనను వాక్యముతో మూయించిన సభలును ఉన్నవి. అధికారమున ఉన్నవాడు తన అధికారము దైవదత్తమని తానే చెప్పుకొనుట, యోసేపు అన్నలు చెప్పుకొనరాని మాటను చెప్పుకొనుటతో సమానము. పాలితుడు ఆ మాట అనుకొని ఓర్చుకొనవచ్చును; పాలకుడు ఆ మాట విని వణకవలెను, ఏలయనగా అధికారమిచ్చినవాడు ఉన్నాడన్నచో లెక్క అడుగువాడును ఉన్నాడనుట.

ఆచరణకు వచ్చెదను. ఖనిజములు త్రవ్వు జిల్లాలలో, త్రవ్వకము వలన నష్టపోయిన ప్రజల మేలునకై ఒక జిల్లా ఖనిజ నిధి ఉండవలెనని 2015లో పార్లమెంటు చట్టము సవరించినది. ఆ సొమ్ము త్రాగునీటికి, ఆసుపత్రులకు, బడులకు, ధూళిలో బ్రదుకువారి ఆరోగ్యమునకు ఖర్చు కావలెను. మన జిల్లాలో అది ఏ ఊరికి ఎంత చేరినదో, ఏ పని ముగిసినదో, ఏ పని కాగితముపైననే ఉన్నదో అడుగుట ప్రతి పౌరుని హక్కు. సండూరు, బళ్ళారి ప్రాంతములలోని కథోలికులు, దక్షిణ ఇండియా సంఘమువారు, పెంతెకోస్తు సహవాసములవారు, వేదాంతములో తమకు గల భేదములను అట్లే ఉంచుకొని, పొరుగున ఉన్న హిందూ ముస్లిము సోదరులతో కలిసి, తమ తమ గ్రామసభలలో ఆ లెక్కలు చదివి వినిపింపుమని కోరవలెనని నా ప్రార్థన. పాస్టరులకు, గురువులకు ప్రత్యేకముగా ఒక్క మనవి: గనిలోనో రోడ్డుమీదనో పోయినవాని ఇంటికి మీరు పోయినప్పుడు, దేవుని చిత్తమను మాటను ఆ ఇంటివారు తాము అనువరకు మీరు అనకుడు, వారి ప్రక్కన కూర్చుండి, పరిహారపు కాగితము నింపుటకు చేయి సాయము చేయుడు, ప్రమాదమునకు కారణమెవరో పోలీసు ఠాణాలో వ్రాయించు వరకు వారితో ఉండుడు.